గట్టు మీది ఓటరు

మైపాడు, కోడూరు, ముత్తుకూరు వైపు, ఇటు అల్లూరు, విడవలూరు వైపు ఎటు వెళ్లినా రొయ్యల గుంటల గట్ల మీద కాపురాలు కనిపిస్తాయి. మోటారు షెడ్డుకు ఆనించి కట్టిన టార్పాలిన్ పట్టా, మూడు రాళ్ల పొయ్యి, దండెం మీద ఆరేసిన చీర, రాత్రంతా ఆగకుండా తిరిగే ఏరియేటర్ల హోరు. యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఈ పంటకు ఈ గుంట, వచ్చే పంటకు మరో గుంట కాపలా కాసే కుటుంబాలివి. వీళ్లలో ఎక్కువ మంది యానాది గిరిజనులు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 5 లక్షలకు పైబడి ఉన్నారు. వాళ్లు ఎక్కువగా ఉన్నది మన నెల్లూరులోనే.

ఓటర్ల జాబితా సవరణ మొదలైనప్పుడల్లా బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) ఇల్లిల్లూ తిరుగుతారు. ఇల్లే లేని చోటికి ఎవరు వెళ్తారన్నది ఆలోచించాల్సిన విషయం.

నిజానికి చట్టం ఈ మనిషిని మరిచిపోలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ఓటరు కావడానికి అడిగేది 18 ఏళ్ల వయసు, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసం. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ అక్కడి సాధారణ నివాసి అయిపోరనీ, కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ నివాసం పోదనీ 20వ సెక్షన్ చెబుతుంది. ఎన్నికల సంఘం సూచనలు ఇంకొంచెం ముందుకు వెళ్లాయి. నిలువ నీడ లేని మనిషి ఓటరు నమోదుకు ఫారం 6 ఇస్తే, అందులో రాసిన చోటికి బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. ఒక్క రాత్రి చూసి వచ్చేస్తే కుదరదు, ఇంకో రాత్రి కూడా వెళ్లాలి. నిద్రించేది అక్కడేనని తేలితే, నివాసానికి వేరే కాగితం ఏదీ అడగకూడదు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు చూపలేని పేదవాడి కోసం ప్రభుత్వోద్యోగి చీకట్లో నడిచి రావాలని రాసిన ఈ మాట మన ఎన్నికల నిబంధనల్లోకెల్లా మానవీయమైనది. ఎన్ని గట్ల మీదికి ఆ నడక సాగిందో ప్రతి మండలం తనను తాను అడిగి చూసుకోవాలి.

బ్రిటన్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ స్థిర నివాసం లేనివారు తాము ఎక్కువ సమయం గడిపే చోటును, అది పార్కు బెంచీ అయినా సరే, ప్రకటన రూపంలో రాసిచ్చి ఓటరుగా చేరవచ్చు. 2000లో తెచ్చిన చట్టం ఆ వీలు కల్పించింది. మన జిల్లా వాళ్లకు తెలిస్తే ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది. చదువు కోసం నెల్లూరు నుంచి లండన్ వెళ్లిన విద్యార్థి, 18 ఏళ్లు నిండి వీసాతో అక్కడ నివసిస్తుంటే, కామన్వెల్త్ పౌరుడిగా ఆ దేశ పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటు వేయవచ్చు. భారత పౌరసత్వం వదులుకోని కారణంగా, పాస్‌పోర్టులోని ఊరి చిరునామాతో ఫారం 6ఏ నింపి ఇక్కడా ఓటరుగా నమోదు కావచ్చు. ప్రవాస ఓటర్లకు 2011 నుంచి ఈ హక్కు అమల్లో ఉంది. సముద్రాలు దాటిన పిల్లవాణ్ణి రెండు దేశాలూ గుర్తుపెట్టుకోవడం మంచిదే. సముద్రం ఒడ్డునే ఉండిపోయినవాణ్ణి సొంత పంచాయతీ గుర్తుపెట్టుకోకపోవడమే బాధ కలిగిస్తుంది.

ఎందుకంటే ఒకప్పుడు ప్రభుత్వం ఈ యానాదుల పేర్లను ఎంతో జాగ్రత్తగా రాసుకుంది. బ్రిటిష్ పాలనలో నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లో కొందరిని నమోదు చేశారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంటు పెట్టారు. అలా నమోదైనవాళ్లు హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. పేరు, వేలిముద్ర, ఉండే చోటు అన్నీ పుస్తకంలో ఉండేవి. నెల్లూరు కేంద్రంగా వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితమంతా ఈ మచ్చ చెరపడానికే ధారపోశారు. నేరం మోపడానికి అంత శ్రద్ధగా తిరిగిన రిజిస్టరు, హక్కు ఇవ్వడానికి అందులో సగం శ్రద్ధతో తిరిగినా చాలు. 1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంచుకున్నాక ఆ దీవిలోని యానాది కుటుంబాలు చోటు మారాల్సి వచ్చింది. ఊరు మారడం వాళ్లు కోరి తెచ్చుకున్న అలవాటేమీ కాదు.

పేరు చేరడం ఒక ఎత్తు, నిలవడం ఇంకో ఎత్తు. ఊళ్లో లేరనే కారణంతో పేరు తీసేసే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటుంది. ఆ నోటీసు పాత చిరునామాకు వెళ్తుంది. అప్పటికి రొయ్యల పట్టుబడి అయిపోయి కుటుంబం ఇంకో గట్టుకు మారి ఉంటుంది. చదవడం రానివాళ్లకు పంచాయతీ గోడ మీది జాబితా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ జరిపినప్పుడు ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు తగ్గాయి. చనిపోయినవారు, రెండుచోట్ల ఉన్నవారితోపాటు వలస వెళ్లినవారు, కనిపించనివారు కూడా ఆ లెక్కలో ఉన్నారు. కనిపించడం లేదని రాసే ముందు ఎక్కడ వెతికామన్నది చూసుకోవాలి.

వయసు సంగతీ అంతే. చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. కావలి తుఫానుకు చంకలో బిడ్డ అనో, దానికి ముందు ఏడాది పుట్టాడనో తల్లి చెబుతుంది. ఆ తుఫాను వచ్చింది 1989 నవంబరులో. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గాక జరిగిన తొలి లోక్‌సభ ఎన్నికలూ ఆ నెలలోనే. తల్లి జ్ఞాపకం అంత కచ్చితంగా ఉన్నచోట ఓపికగా విని రాసుకునే అధికారి కావాలి.

ఓటు లేకపోతే పోయేది అయిదేళ్లకోసారి వేలికి పడే సిరా ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పంచాయతీల్లో ఎస్టీలకు వార్డులు, సర్పంచి పదవులు రిజర్వు చేస్తున్నాం. పోటీ చేయాలంటే ఆ పంచాయతీ జాబితాలో పేరుండాలి. రిజర్వేషన్ వచ్చిన ఏడాది ఆ పేరు లేకపోతే, అర్హురాలైన యానాది మహిళ బరిలోకి దిగలేదు. అడ్వాన్సు తీర్చలేక గట్టుకు కట్టుబడిపోయిన కుటుంబం తరఫున అడగగలిగే గొంతు అక్కడే మూగబోతుంది.

18 ఏళ్లు నిండాయా అని చూసే అర్హత తేదీలు 2022 నుంచి ఏడాదికి నాలుగున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. వాటిని గుంటల పంట కాలంతో కలిపి చూసుకుంటే పని తేలికవుతుంది. పట్టుబడికి ముందే, కుటుంబం ఇంకా గట్టు మీద ఉండగానే బీఎల్ఓ వెళ్లాలి. ఏ గుంటకు ఎవరు కాపలా ఉన్నారో యజమానులకు తెలుసు, మత్స్యశాఖ సిబ్బంది సాయం తీసుకోవచ్చు. ముసాయిదా జాబితాను గిరిజన కాలనీలో సాయంత్రం పూట, పనుల నుంచి తిరిగొచ్చాక, పేరుపేరునా చదివి వినిపించాలి. పాత ఊళ్లో పేరున్నవారికి చిరునామా మార్పు కోసం ఫారం 8 అక్కడికక్కడే నింపించాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఒక మండలంతో మొదలుపెట్టినా వచ్చే అర్హత తేదీకల్లా ఎన్ని పేర్లు చేరాయో జిల్లా కలెక్టరు ప్రజలకు చెప్పగలుగుతారు.