45 ఇయర్స్ - పాత ప్రేమ గొడవ కాదిది

"పెళ్ళికి ముందు ఎవర్నో ప్రేమించాడు. ఆవిడ పోయి యాభయ్యేళ్ళు దాటింది. దానికింత రాద్ధాంతమా?" '45 ఇయర్స్' (2015) గురించి ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నాకు మాత్రం ఆ భార్య బాధలో న్యాయం ఉందనిపిస్తుంది. కథ ముందే తెలిస్తే నచ్చనివాళ్ళు సినిమా చూశాకే ఇది చదవండి.

ఇంగ్లండ్‌లో నార్ఫోక్ ప్రాంతం. కేట్ (షార్లెట్ రాంప్లింగ్), జెఫ్ (టామ్ కోర్ట్నీ) రిటైరైన దంపతులు. పిల్లల్లేరు. శనివారం వాళ్ళ 45వ పెళ్ళిరోజు పార్టీ. సరిగ్గా ఆ వారం మొదట్లో స్విట్జర్లాండ్ నుంచి ఓ ఉత్తరం. 1962లో మంచుకొండల్లో పడి చనిపోయిన జెఫ్ పాత ప్రియురాలు కాట్యా శవం దొరికిందని.

కాట్యా గురించి కేట్‌కి ముందే తెలుసండీ. జెఫ్ అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే హెడ్డింగ్ ఒక్కటే చెప్పి ఊరుకున్నాడు. మిగతాదంతా ఆ వారంలో ముక్కలు ముక్కలుగా బయటికొస్తుంది. అప్పట్లో మొగుడూపెళ్ళాలమని చెప్పుకుని తిరిగారు కాబట్టి, రికార్డుల్లో ఆమెకి దగ్గరి బంధువు ఇతనే. ఆమె బతికుంటే పెళ్ళి చేసుకునేవాడివా అంటే, అవునంటాడు. చివరికి కేట్ ఒంటరిగా అటకెక్కి పాత స్లైడ్లు వేసుకుని చూస్తుంది. ఒకదాన్లో కాట్యా పొట్టమీద చెయ్యి వేసుకుని ఉంటుంది. గర్భవతి. ఒక్క డైలాగ్ లేదు, రాంప్లింగ్ మొహం, ప్రొజెక్టర్ చప్పుడు, అంతే.

పిల్లల్లేకపోవడం, ఇంట్లో తమ ఫోటోలు పెద్దగా లేకపోవడం ఇన్నాళ్ళూ ఆవిడకి మామూలు సంగతులు. ఇప్పుడు ప్రతిదాని వెనకా కాట్యా ఉందేమోనని అనుమానం. మన భాషలో చెప్పాలంటే, ఏళ్ళ తరబడి నడుస్తున్న సిస్టమ్‌లో ఎక్కడా రాసిపెట్టని డిపెండెన్సీ బయటపడ్డట్టు. ఇవాళ్టి బగ్ సంగతి అలా ఉంచండి, ఇప్పటిదాకా ఇచ్చిన రిపోర్టులన్నీ కరెక్టేనా అని భయం పట్టుకుంటుంది చూడండి, అదీ కేట్ పరిస్థితి.

"అన్నీ చెప్పేస్తే ఏ కాపురం నిలబడుతుంది?" అంటారా? అన్నీ చెప్పక్కర్లేదు. కానీ తెలిస్తే ఎదుటిమనిషి నిర్ణయం మారిపోయే సంగతి ఉంటుంది చూడండి, అది దాచడమంటే ఆ నిర్ణయం కూడా మనమే తీసేసుకోవడం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు మన పెద్దలు. ఆ అబద్ధాల మధ్య కాపురం చెయ్యాల్సింది మాత్రం వాళ్ళు కాదు!

దర్శకుడు ఆండ్రూ హే ఎవర్నీ విలన్‌ని చెయ్యలేదు. జెఫ్‌ని చూస్తే జాలేస్తుంది కూడా. 2015 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతులు రెండూ ఈ జంటకే వచ్చాయి. సినిమా నిడివి గంటన్నర పైచిలుకే గానీ నడక నెమ్మది, ముందే చెప్తున్నా. పార్టీలో తమ పెళ్ళినాటి పాటకి ఇద్దరూ డాన్సు చేస్తారు. పాట అయిపోగానే జెఫ్ సంబరంగా ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తుతాడు. ఆవిడ విసురుగా లాగేసుకుంటుంది.

ఆ చెయ్యి లాక్కోవడం తప్పంటారా? నేననను.