ముందు ఆ తండ్రిని కూర్చోబెట్టండి

గంజాయి పొట్లంతోనో, దొంగిలించిన బైక్‌తోనో కొడుకు దొరికాడని తెలిసి స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చిన తండ్రి చాలాసార్లు మొదట చేసే పని వాడి చెంప పగలగొట్టడం. చుట్టూ ఉన్నవాళ్లు ‘బాధ్యత తెలిసిన మనిషే’ అనుకుంటారు. నాకు మాత్రం ఆ దెబ్బలోనే సగం కేసు కనిపిస్తుంది. పెంపకం అనగానే మనకు గుర్తొచ్చేది నిఘా: జేబులు వెతకడం, ఫోన్ లాక్కోవడం, స్నేహితుల్ని గుమ్మం ఎక్కనివ్వకపోవడం. కానీ స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లల్ని పరిశీలించిన పరిశోధకులు హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో చెప్పింది వేరు. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే. చెబితే తన్నులు తప్పవని తెలిసినవాడు ఏం చెబుతాడు? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ, ఊరికే భయమేస్తోందనీ ఇంట్లో అనలేనివాడు వైట్‌నర్ పోసిన గుడ్డలో ముక్కు పెడతాడు. ఆ మత్తుకు డబ్బు కావాలి, దొంగతనం అక్కడే మొదలవుతుంది. పేదరికం లేదా అంటే, ఉంది. అయితే అదే వీధిలో, అంతే పేదరికంలో పెరుగుతూ అమ్మానాన్నల దగ్గర నోరు విప్పగలిగిన పిల్లలూ ఉన్నారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ పిల్లవాడితోపాటు తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇప్పించే వీలు కల్పించింది. జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యులారా, ఆ కౌన్సెలింగ్‌ను ఒక పూట హితబోధతో ముగించకండి. పిల్లవాణ్ని ఇంటికి పంపేముందు, చెయ్యెత్తకుండా వినడం ఎలాగో ఆ తండ్రికి నేర్పించండి.