నేరం తెలుపుది కాదు

కంప్యూటరు ముందు కూర్చున్న కాసేపటికే కళ్ళు మండితే చాలామంది తెర తెలుపును నిందిస్తారు. నేరమంతా తెలుపుది కాదని నా అభిప్రాయం. తెల్ల కాగితంపై నల్లని అక్షరాలను మనం తరతరాలుగా చదువుతూనే ఉన్నాం. అయితే కాగితం గదిలోని వెలుగునే తిరిగి పంపుతుంది; తెర తన వెలుగును తానే విరజిమ్ముతుంది. చీకటి గదిలో అదొక్కటే వెలుగుతుంటే కంటికి శ్రమ తప్పదు.

నల్లని తెరపై తెల్లని అక్షరాలు పెట్టుకోవడం అందరికీ మందు కాదు. వెలుగు తగ్గితే కంటిపాప విప్పారుతుంది. అస్టిగ్మాటిజం ఉన్నవారికి అక్షరాల అంచులు అలుక్కుపోయినట్లు కనిపించవచ్చు. మన లిపిలోని గుడులు, వత్తులు అసలే చిన్నవి. నీలికాంతిని ఆపే కళ్ళద్దాలకు డబ్బు వెచ్చించడమూ అనవసరమే. వాటివల్ల స్వల్పకాలంలో కంటి అలసట తగ్గకపోవచ్చునని 2023 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది.

మరి చేయవలసినదేమి? గదిలో దీపం వెలిగించి, తెర వెలుగును పక్కనున్న తెల్ల కాగితానికి సరితూగేంతవరకు తగ్గించాలి. అక్షరాలను పెద్దవి చేయాలి. నిమిషానికి సుమారు 15 సార్లు ఆడే రెప్పలు తెర ముందు 5 నుండి 7 సార్లే ఆడతాయి. కన్ను పొడిబారి మండేది అందుకే. కనుక 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకండ్లపాటు చూస్తూ, రెప్పలు ఆర్పాలి.

ఉద్యోగమూ, పిల్లల చదువూ, స్వదేశంలోని పెద్దల పలకరింపూ తెరమీదనే సాగే మన ఇళ్ళలో ఈ అలవాటు ఇంటిల్లిపాదికీ అవసరం. అప్పటికీ బాధ తగ్గకుంటే నేత్రవైద్యుని సంప్రదించవలసిందే.