హీట్ పంపుకు రాయితీ, కరెంటుకు జరిమానా

2025 చివర్లో బ్రిటన్‌లో ఒక యూనిట్ గ్యాస్ 6.29 పెన్నీలు. ఒక యూనిట్ కరెంటు 26.35 పెన్నీలు. 2025 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికానికి అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ గృహ వినియోగదారులకు ఖరారు చేసిన గరిష్ఠ ధరలివి. గ్యాస్ కంటే కరెంటు నాలుగు రెట్లు ప్రియమన్నమాట. పాత ఇళ్లను తక్కువ ఖర్చుతో వెచ్చగా ఉంచడమెలా అన్న చర్చ ఆ దేశంలో మొదలై పుష్కరకాలం దాటింది. గోడల మీద నివేదికలు వచ్చాయి, యంత్రాల మీద వాదాలు నడిచాయి, రాయితీ పథకాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పోయాయి. ఈ నాలుగు రెట్ల సంగతి మాత్రం పేజీ అడుగున చిన్నక్షరాల్లోనే మిగిలిపోయింది.

చర్చంతా తిరిగేది టెర్రస్డ్ ఇళ్ల చుట్టూ. టెర్రస్ అనగానే తెలుగువారికి డాబా గుర్తొస్తుంది కానీ ఇది అది కాదు. గోడకు గోడ ఆనించి వీధి పొడవునా రైలుపెట్టెల్లా కట్టుకుంటూ పోయిన వరస ఇళ్లు. 1875 నాటి ప్రజారోగ్య చట్టం తర్వాత పారిశ్రామిక పట్టణాల్లో ఇవి లక్షల్లో లేచాయి. ఇంగ్లండ్‌లో నేటికీ దాదాపు ప్రతి ఐదిళ్లలో ఒకటి 1919కి ముందు కట్టిందే. ఈస్ట్‌హామ్, ఇల్‌ఫోర్డ్ వంటి తూర్పు లండన్ పేటల్లో తెలుగు విద్యార్థులు, చిరుద్యోగులు గదులు పంచుకుని ఉండేది కూడా ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే. గోడ ఎలాంటిదో తెలుగు మేస్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సున్నపు అడుసుతో కట్టింది. 1920ల తర్వాత రెండు పొరల మధ్య ఖాళీ వదిలి కట్టే పద్ధతి వ్యాపించింది. ఆ ఖాళీలో వేడిని ఆపే పదార్థం కూరడం ఒక పూట పని. గట్టి గోడకు ఆ వెసులుబాటు లేదు. బ్రిటన్ మొత్తం మీద ఇలాంటి గట్టి గోడల ఇళ్లు సుమారు 80 లక్షలు.

అయితే వరస మధ్యలోని ఇంటికి ఒక అదృష్టం ఉంది. బయటి చలికి తగిలేవి ముందు గోడ, వెనక గోడ మాత్రమే. రెండు పక్కలా పొరుగువారి వెచ్చదనమే కాపు కాస్తుంది. అదే వయసున్న విడి ఇంటితో పోలిస్తే వేడి నష్టం చాలా తక్కువ. పాత టెర్రస్‌కు ఏమీ చేయలేమని పెదవి విరిచేవారు ఈ ఉమ్మడి గోడల్ని లెక్కలో వేయరు.

ఖర్చు తక్కువ పని నుంచి మొదలుపెడితే ముందు వచ్చేది అటక. కప్పు కింద 270 మిల్లీమీటర్ల మందాన ఊలు పరవడానికి కొన్ని వందల పౌండ్లు చాలు. తలుపుల సందులు, వాడని పొగగొట్టాలు, చెక్క నేల పగుళ్లు పూడ్చడానికి అంతకన్నా తక్కువ. వీటి మీద ఎవరికీ తగాదా లేదు. కాబట్టే కాబోలు, ఎవరికీ ఆసక్తీ లేదు.

తగాదా గోడల దగ్గర మొదలవుతుంది. బయటివైపు వేడిని ఆపే పొర తొడిగితే పది వేల పౌండ్లు దాటడం మామూలే. పైగా ఎర్రిటుక ముఖం కనుమరుగవుతుంది. వారసత్వ ప్రాంతాల్లో అందుకు అనుమతి దొరకడం కష్టం. లోపలివైపు వేస్తే కొంత తక్కువకే అవుతుంది కానీ అసలే ఇరుకైన గది మరికాస్త కుంచించుకుపోతుంది. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతూ బతుకుతుంది. దానికి ఊపిరాడని పొర బిగిస్తే చెమ్మ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. ఇదేమీ ఊహాగానం కాదు. భారతదేశంలో కాగ్ చేసే పనిని బ్రిటన్‌లో చేసే జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 అక్టోబరులో ఒక నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు పొర వేసిన ఇళ్లలో 98 శాతం చోట్ల సరిదిద్దక తప్పని పెద్ద లోపాలున్నాయని తేల్చింది. అలాంటి ఇళ్లు 22 వేలకు పైనే. నూటికి తొంభై ఎనిమిది పాడైనప్పుడు తప్పును ఏ ఒక్క మేస్త్రీ నిర్లక్ష్యానికో అంటగట్టలేం. ఎన్ని ఇళ్లకు పొర వేశారో లెక్కపెట్టి డబ్బిచ్చారు, ఏ ఇల్లు వెచ్చబడిందో చూడలేదు.

ఇక యంత్రం. పాత గ్యాస్ బాయిలర్ స్థానంలో కొత్త గ్యాస్ బాయిలరే పెట్టుకుంటే 2,500 నుంచి 3,000 పౌండ్లలో తేలిపోతుంది. హీట్ పంపు అయితే సగటున 12 వేలు దాటుతుంది. అది ఏసీకి తిరగేసిన రూపం. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తోస్తుంది. బాయిలర్ కంటే గోరువెచ్చటి నీటితో పనిచేస్తుంది కాబట్టి కొన్ని గదుల్లో రేడియేటర్లు పెద్దవి కావాలి. వేడినీళ్లు నిలవ చేసే సిలిండర్‌కు ఏదో ఒక అల్మారా ఖాళీ చేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో మొదలైన బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ రాయితీని 2023 అక్టోబరులో 7,500 పౌండ్లకు పెంచారు. పక్కింటి హద్దుకు కనీసం మీటరు దూరంలో యంత్రం ఉండాలనే నిబంధన వరస ఇళ్ల పాలిట గుదిబండగా ఉండేది. ఇంగ్లండ్‌లో 2025 మేలో దాన్నీ తీసేశారు. రాయితీ పెంచినా 2024లో బ్రిటన్‌లో అమ్ముడైన హీట్ పంపులు లక్షకు లోపే. 2028 నాటికి ఏటా ఆరు లక్షలు పెట్టాలన్నది అప్పటి లక్ష్యం.

ఈ వెనుకబాటుకు పత్రికల్లో తరచూ చెప్పే కారణాలు రెండు: చలి దేశంలో హీట్ పంపు పనికిరాదు, పాత ఇంటికి అది కుదరదు. రెండూ తప్పే. అంతకన్నా చలి దేశమైన నార్వేలో పది ఇళ్లలో ఆరింటికి హీట్ పంపు ఉంది. బ్రిటన్ ప్రభుత్వమే డబ్బు పెట్టి 742 ఇళ్లలో చేయించిన ప్రయోగం, విక్టోరియా కాలపు వరస ఇళ్లతో సహా ఏ రకం ఇల్లూ దీనికి అనర్హం కాదని తేల్చింది. ఒక యూనిట్ కరెంటుకు మధ్యస్థంగా 2.8 యూనిట్ల వేడి వచ్చింది. యంత్రం తన పని తాను చేస్తోంది.

దానికి గ్యాస్ కంటే నాలుగు రెట్లు ప్రియమైన మేత వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. ఆఫ్‌జెమ్ ప్రమాణం ప్రకారం మామూలు ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ కావాలి. పై ధర ప్రకారం అది 723 పౌండ్లు. బాయిలర్ ఇంధనంలో 85 శాతాన్ని వేడిగా అందిస్తుందనుకుంటే ఇంటికి చేరేది 9,775 యూనిట్లు. అంతే వేడి 2.8 చొప్పున ఇవ్వడానికి హీట్ పంపు 3,491 యూనిట్ల కరెంటు తాగుతుంది. బిల్లు 920 పౌండ్లు. గ్యాస్ కనెక్షన్ పూర్తిగా పీకేస్తే రోజుకు 34 పెన్నీల చొప్పున స్థిర చార్జీ మిగిలి ఏడాదికి 124 పౌండ్లు కలిసొస్తాయి. అప్పటికీ 796. రాయితీ పోగా ఐదు వేల పౌండ్ల దాకా చేతిసొమ్ము పెట్టి, అల్మారా ఖాళీ చేసి, రేడియేటర్లు మార్చిన గృహస్థుకు దక్కేది ఏటా 73 పౌండ్ల అదనపు భారం. ఇదే కరెంటు గ్యాస్ కంటే మూడు రెట్లే ప్రియమైతే 920 పౌండ్ల బిల్లు 659కి దిగుతుంది. ఇల్లూ అదే, గోడా అదే, యంత్రమూ అదే. మారింది ధరల నిష్పత్తి ఒక్కటే.

ఈ నిష్పత్తి ప్రకృతి సిద్ధమైనదేమీ కాదు. కరెంటు ధరను ఎక్కువ గంటలు గ్యాస్ విద్యుత్కేంద్రాలే నిర్ణయించడం ఒక కారణం. రెండోది పూర్తిగా ప్రభుత్వం చేతిలోనిది. 2002లో మొదలైన పునరుత్పాదక విద్యుత్ బాధ్యత పథకం, 2010 నాటి ఫీడ్-ఇన్ టారిఫ్‌ల ఖర్చును కరెంటు బిల్లుల మీదే వేశారు. కర్బనం వెదజల్లే గ్యాస్‌కు ఆ భారం తగలలేదు. పర్యావరణం పేరుతో వేసిన సుంకం పర్యావరణానికి మేలైన ఇంధనాన్నే శిక్షిస్తోంది.

నాలుగు రెట్ల వికారం కాగితాల్లోకీ పాకింది. ఇంటికిచ్చే ఇంధన సామర్థ్య ధ్రువపత్రంలోని గ్రేడును ఇంతకాలం లెక్కగట్టింది ప్రధానంగా ఇంధన ఖర్చు ఆధారంగానే. గ్యాస్ తీసి హీట్ పంపు పెట్టినా గ్రేడు పెరగని ఇళ్లు, తగ్గిన ఇళ్లు ఉండటం అందుకే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘ఇ’ కంటే తక్కువ గ్రేడు ఇంటిని అద్దెకివ్వడం 2020 నుంచి నిషిద్ధం. దాన్ని 2030 నాటికి ‘సి’కి పెంచాలన్నది ప్రభుత్వ సంకల్పం. అలాంటప్పుడు ఇంటి యజమాని ఏ యంత్రం వైపు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. పెట్టుబడి అతనిది, బిల్లు అద్దెకున్నవారిది. తలగడ పక్కన గోడకు పట్టిన బూజు తుడుచుకునేదీ వారే.

కరెంటు మీది సుంకాలను గ్యాస్ మీదికి మళ్లిస్తే గ్యాస్ వాడే పేదలు నష్టపోతారన్న అభ్యంతరంలో నిజం ఉంది. దానికి విరుగుడు భారాన్ని బిల్లుల నుంచి తప్పించి సాధారణ పన్నుల్లోకి తేవడం. రాత్రివేళ చౌక కరెంటు పథకాలతో బిల్లు తగ్గించుకోవచ్చన్న మాటా నిజమే. కానీ మూడు టారిఫ్‌లు పోల్చి, గంటలవారీగా యంత్రాన్ని నడుపుకోగలవారికే అది అందుతుంది. ప్రజావిధానం అలాంటి కొద్దిమంది కోసం కాదు.

2025 నవంబరు బడ్జెట్ ఈ సత్యాన్ని సగం ఒప్పుకుంది. పునరుత్పాదక బాధ్యత ఖర్చులో గృహాల వంతు 75 శాతాన్ని 2026 ఏప్రిల్ నుంచి ఖజానా భరిస్తుందని ప్రకటించింది. గడువు మూడేళ్లు. హీట్ పంపు ఆయుష్షు పదిహేను నుంచి ఇరవై ఏళ్లు. మూడేళ్ల హామీని నమ్మి ఇరవై ఏళ్ల యంత్రం కొనమంటున్నారు.

గతం ఇంతకన్నా హీనం. 2013లో వచ్చిన గ్రీన్ డీల్ 24 కోట్ల పౌండ్లు మింగి, సుమారు 14 వేల ఇళ్లకు రుణాలిచ్చి 2015లో కన్నుమూసింది. 2020 సెప్టెంబరులో 150 కోట్ల పౌండ్లతో, ఆరు లక్షల ఇళ్ల లక్ష్యంతో తెరిచిన గ్రీన్ హోమ్స్ గ్రాంట్ ఆరు నెలల్లో మూతపడింది. బాగుపడినవి 47,500 ఇళ్లు. ఖర్చయిన 31.4 కోట్ల పౌండ్లలో ఐదు కోట్లు నిర్వహణకే పోయాయి. రెండు పథకాలూ ఇంటివారి చేతికి అప్పో రాయితీయో ఇచ్చి చూశాయి, బిల్లులోని నాలుగు రెట్లను ముట్టుకోలేదు. 2026 జనవరిలో 1,500 కోట్ల పౌండ్లతో వార్మ్ హోమ్స్ ప్లాన్ ప్రకటించారు. అందులో మళ్లీ రాయితీలు, మళ్లీ రుణాలు, మళ్లీ ఇళ్ల సంఖ్యల లక్ష్యాలు. గ్యాస్ కంటే కరెంటు ఎన్ని రెట్లకు మించి ప్రియం కాకూడదో చెప్పే లక్ష్యం ఒక్కటి చట్టంలో రాసి ఉంటే ఇందులో సగం డబ్బు అవసరమే ఉండేది కాదు. 7,500 పౌండ్లు ఒక చేత్తో ఇచ్చి, యూనిట్ యూనిట్‌కూ రెండో చేత్తో లాక్కునే ఏర్పాటును ఇంధన విధానం అనడం భాషకు అపచారం.