సావనీర్‌లో గిరణి ఉంది, గిరణి మనిషి లేడు

పోస్టు కొంచెం పెద్దది. కోపం వచ్చినా చివరిదాకా చదివి, తరువాత తిట్టండి.

ఈ ఏటి సావనీర్ కోసం తయారైన మహారాష్ట్ర పత్తి పరిశ్రమ వ్యాసం చిత్తుప్రతి చూశాం. ప్రెస్సుకు పోకముందే నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాం. 1854లో కావస్‌జీ దావర్ బొంబాయిలో నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. 1877 జనవరి 1న నాగపూర్‌లో జంషెట్‌జీ టాటా ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. అదే ఏడు సోలాపూర్‌లో జూనీ గిరణి. అంతే, పేజీ తిప్పితే సోలాపురీ చాదర్‌కు జీఐ గుర్తింపు! మధ్యలో వందేళ్ళ పైచిలుకు ఆ మిషన్ల ముందు ఎవరు నిలబడ్డారు? అవి గాలికి తిరిగాయా?

పత్తి పుట్టుక గురించి రాసింది బాగానే ఉంది. వర్హాడ్ నల్లరేగడిని నిజాం బాకీ కింద 1853లో ఇంగ్లీషువాళ్ళు చేతికి తీసుకున్నారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే మాంచెస్టర్‌కు మన పత్తే దిక్కయింది. బొంబాయి వ్యాపారుల ఇళ్ళల్లో డబ్బు వరదలా పారింది, 1865లో యుద్ధం ముగియగానే ధర పడిపోయి ఎందరో దివాలా తీశారు. 1867కల్లా రైలు నాగపూర్ చేరింది. పత్తి పండే చోటే మిల్లు పెడితే కలిసొస్తుందని టాటా లెక్క వేసుకున్నది ఆ తరువాతే.

కానీ మనం ‘అవకాశాల కోసం’ సోలాపూర్ వచ్చామని రాసిన వాక్యం మాత్రం మాకు మింగుడుపడలేదు. మిల్లు గుడ్డ కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు ఊళ్ళల్లో మన ముత్తాతల మగ్గాలను పడగొట్టింది. దాని మీద కరువులు. ఆలుబిడ్డలను, ఉన్న నాలుగు గిన్నెలను మూట కట్టుకుని వచ్చి, మగ్గం పోవడానికి కారణమైన గిరణిలోనే కూలికి చేరారు. కొందరు ఇక్కడా ఇంట్లో మగ్గం వేసుకున్నారు. మిగతావారు గిరణి భోంగా మోగగానే లేచి పరుగెత్తారు. దాన్ని అవకాశం అనడం ఎంత తేలిక!

బొంబాయిలో కామాఠీపురా పేరే మనవాళ్ళది. జోతీరావు ఫూలే వెంట నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు మనవాళ్ళు. ఆ సత్యశోధక బాటలోనే నడిచిన నారాయణ్ మేఘాజీ లోఖండే గిరణి కార్మికులకు వారంలో ఒక సెలవు కావాలని పోరాడాడు. ఈ రోజు మనం ఆదివారం మీటింగు పెట్టుకుంటున్నామంటే అందులో ఆయన చలవ ఉంది. వ్యాసంలో ఒక్క పేరూ లేదు. 1930 మే నెలలో సోలాపూర్ గిరణి కార్మికులు రోడ్డెక్కితే సర్కారు మార్షల్ లా పెట్టింది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, కిసన్ సార్డాలను ఉరి తీసింది. ఆ నలుగురిలో తెలుగువాడు లేడు కాబట్టి చేర్చలేదని జవాబు వచ్చింది. మరి ఆ ఊరేగింపుల్లో మన తాతలు నడవలేదా?

1982 జనవరి 18న దత్తా సామంత్ వెంట ముంబైలో సుమారు 2.5 లక్షల మంది సమ్మెకు దిగారు. సమ్మె ఓడిపోయింది, తరువాత గిరణులు మూతపడ్డాయి, ఆ జాగాల్లో మాల్స్, టవర్లు లేచాయి. సోలాపూర్‌లోనూ పెద్ద గిరణులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఇక అసలు మాటకు వద్దాం. గిరణులు పోయాక ఈ ఊరు మర మగ్గాల మీద నిలిచింది. కార్ఖానాదార్లలో మనవాళ్ళు, మగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడేవాళ్ళలోనూ మనవాళ్ళే. ఒకే రేకుల కప్పు కింద ఉన్న మగ్గాలు కాగితాల మీద అన్న పేరున కొన్ని, తమ్ముని పేరున కొన్ని, ఇల్లాలి పేరున కొన్ని. ఎందుకో మనలో తెలియనిదెవరికి? ఇరవై మంది లెక్క తేలితే పీఎఫ్ కట్టాలి. ముప్ఫై ఏళ్ళు చాదర్లు నేసినవాడి చేతిలో తాను ఫలానా చోట పనిచేశానని చూపే చిట్టీ ముక్క ఉండదు. అతని ఇల్లు గడిచింది భార్య విడీలు చుట్టబట్టి. వెయ్యి విడీలకు ఇంతని వచ్చే ఆ కూలి లేకపోతే మగ్గం కూలి మీద సంసారం సాగేదే కాదు. అంటే మన చాదర్ చవకగా అమ్ముడుపోవడానికి ఆమె వేళ్ళు కూడా కారణం. వ్యాసంలో ఆమె గురించి ఒక్క వాక్యం చూపించండి.

కార్ఖానాదార్ల కష్టం మాకు తెలియదనుకోకండి. మాలోనూ కార్ఖానాలున్నవాళ్ళున్నారు. నూలు ధర ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండదు, కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగుతుంది, పానిపట్‌లో చేసిన సరుకు సోలాపురీ చాదర్ పేరుతో సగం ధరకు వస్తుంది. దేశంలో పత్తి సాగు విస్తీర్ణం అన్నిటికన్నా ఎక్కువ మన మహారాష్ట్రలోనే, దాదాపు 40 లక్షల హెక్టార్లు. నూలు మిల్లులు మాత్రం తమిళనాట ఎక్కువ. విదర్భ రైతు వానను నమ్ముకుని పండించిన పత్తిని వేరే రాష్ట్రంలో వడికితే, ఆ లాభమూ అక్కడే మిగులుతుంది. దీని మీద సర్కారును నిలదీయాల్సిందే, మేమూ వస్తాం. కానీ పైనుంచి పడిన బరువంతా కిందివాడి పీఎఫ్ మీదికి దించడానికి అది సాకు కాదు.

సంఘం ఏం చేసింది? మార్కండేయ రథోత్సవం ఘనంగా చేసింది, చేయాల్సిందే. పెళ్ళి సంబంధాల మేళా పెట్టింది, మంచిదే. ఇళ్ళు మాత్రం నర్సయ్య ఆడం మాస్తరు యూనియన్ పోరాడితే వచ్చాయి. ముందు విడీ కార్మికులకు 10,000, తరువాత 2024 జనవరిలో రేనగర్‌లో 15,000. ఆయన జెండా నచ్చనివాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. అయినా ఆ తాళంచెవులు అందుకున్నవాళ్ళలో మన చుట్టాలు ఎందరో వాళ్ళకూ తెలుసు. మగ్గం కూలివాడి సంగతి మన మీటింగు ఎజెండాలోకి ఎందుకు రాదంటే, సావనీర్ ప్రకటనలు ఇచ్చేది కార్ఖానాదార్లు. ఈ మాట బయట అంటే పరువు పోతుందని ఒక పెద్దాయన ఫోన్ చేశారు. పెద్దాయన మీద గౌరవంతోనే రాస్తున్నాం, పోయేంత పరువు ఇందులో ఏముందో మాకు అర్థం కాలేదు.

మేం అడిగేది రెండే. వ్యాసంలో నాలుగు పేజీలు గిరణి, మగ్గం, విడీ పనివాళ్ళకు ఇవ్వండి. కార్ఖానాలున్న కార్యవర్గ సభ్యులు ముందుగా తమ దగ్గర పనిచేసేవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించి, పీఎఫ్ కట్టడం మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం మీటింగులో ఈ రెండూ లేవనెత్తుతాం. ఇంట్లో తాతల గిరణి గేటు బిల్లలు, పగారు చీటీలు, పాత ఫొటోలు ఉన్నవాళ్ళు తీసుకురండి. ఫొటో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేస్తాం.