ఒక చెవికే వినికిడి తగ్గిందా?

ఫోను మోగితే మీరు ఏ చెవికి పెట్టుకుంటారు? ఎప్పుడూ ఎడమ చెవికి పెట్టుకునేవారు, ఈమధ్య మీకు తెలియకుండానే కుడి చెవికి మార్చారా? ఎడమ వైపు శబ్దం వినిపిస్తోంది గానీ, అవతలివాళ్లు ఏమంటున్నారో తెలియడం లేదా? అయితే ఈ వారం శీర్షిక మీ కోసమే.

మన కోనసీమ ఇళ్లలో చెవికి ఏమొచ్చినా ముందు గుర్తొచ్చేది వెల్లుల్లి వేసి కాచిన నూనె. స్నానం చేస్తుంటే నీళ్లు పోయాయనో, గులిమి పట్టిందనో, వయసు మీద పడుతోందనో సరిపెట్టుకుంటాం. చాలాసార్లు కారణం అదే కావచ్చు కూడా. కానీ వయసుతో వచ్చే చెవుడు మామూలుగా రెండు చెవులకీ వస్తుంది. ఒక్క చెవికే వినికిడి తగ్గుతూ, అందులో కీచురాయి అరిచినట్టు హోరు, నడుస్తుంటే తూలు ఉంటే మాత్రం నూనె గిన్నె పక్కన పెట్టండి.

లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే నరంలో ఒక పాయ వినికిడిది, ఇంకోటి మనల్ని తూలకుండా నిలబెట్టేది. ఈ రెండో పాయ మీద అరుదుగా చిన్న గడ్డ పుడుతుంది. దీన్ని డాక్టర్లు అకౌస్టిక్ న్యూరోమా అనీ, వెస్టిబ్యులర్ ష్వానోమా అనీ అంటారు. కంగారు పడకండి, ఇది క్యాన్సర్ కాదు. చాలావరకు నిదానంగా పెరుగుతుంది, కొన్ని ఏళ్ల తరబడి పెరగవు కూడా. చిక్కల్లా పక్కనే వినికిడి నరం, ముఖాన్ని కదిలించే నరం ఉండటమే.

మొదట చేయాల్సింది ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష. నొప్పి ఉండదు. అమలాపురంలోనో, యానాం వంతెన దాటి కాకినాడలోనో చెవి డాక్టరుకి చూపించుకోవచ్చు. రెండు చెవులకీ తేడా కనబడితే ఎమ్మారై తీయిస్తారు. గడ్డ ఉందో లేదో తేలేది అందులోనే.

గడ్డ ఉందని తేలితే దారులు మూడు.

ఒకటి, కనిపెట్టి ఉండటం. చిన్న గడ్డయితే డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ ఎమ్మారై, ఆడియోగ్రామ్ చేయించుకోవాలి. గడ్డ పెరగకపోయినా వినికిడి తగ్గవచ్చు. అందుకే ‘బాగానే ఉన్నాను కదా’ అని మానెయ్యకూడదు.

రెండు, గామా నైఫ్ వంటి రేడియేషన్. పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు. స్వీడన్ డాక్టరు లార్స్ లెక్సెల్ 1968లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. ఇది గడ్డని తీసెయ్యదు, పెరగకుండా ఆపుతుంది. చికిత్స తర్వాత కొంతకాలం వినికిడి నిలిచినా, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గే అవకాశం ఉంది.

మూడు, ఆపరేషన్. చెవి వెనక నుంచో, చెవి పైభాగం నుంచో వెళితే వినికిడి కాపాడే ప్రయత్నం చేయవచ్చు. లోపలి చెవిలోంచి వెళితే ఆ చెవి వినికిడి పోయినట్టే. గడ్డ పెద్దదై మెదడుని నొక్కుతుంటే మాత్రం ముందు ప్రాణం, తర్వాత ముఖం, ఆ తర్వాతే వినికిడి.

ఇందులో తెలుసుకోవాల్సిన ముఖ్య సంగతి ఒకటుంది. ఏ చికిత్సయినా ఉన్న వినికిడిని కాపాడటానికి ప్రయత్నిస్తుందే తప్ప, పోయినదాన్ని తెచ్చివ్వడం చాలా అరుదు. గడ్డ చిన్నగా, వినికిడి బాగా ఉన్నప్పుడే ఆశ ఎక్కువ. ‘పిల్ల పెళ్లి అయ్యాక చూసుకుందాం’ అని వాయిదా వేస్తే నష్టపోయేది మీరే.

డాక్టరుని ఇవి అడగండి: గడ్డ ఎన్ని మిల్లీమీటర్లుంది? ఈ చెవికి మాటలు ఎంతవరకు తెలుస్తున్నాయి? ఏ దారిలో వెళితే వినికిడి నిలుస్తుంది? ముఖ నరానికి ఏమైనా ముప్పుందా? ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా? మొదటి ఆడియోగ్రామ్ కాగితం మాత్రం పారెయ్యకండి. ముందు ముందు పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లోనే వినిపించడం మానేస్తే ఆలస్యం వద్దు, ఆ రోజే వెళ్లండి. దానికి కారణాలు వేరే ఉండొచ్చు. మందు త్వరగా పడితేనే గుణం.

ఒక చెవితోనే నెట్టుకొస్తున్నవాళ్లు ఆటో ఏ పక్కనుంచి వస్తోందో చప్పుడుని బట్టి పోల్చుకోలేరు. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూడండి. తూలు ఉంటే చీకట్లో కాలవ గట్టు మీద నడవొద్దు. భోజనాల దగ్గర, బాగా వినిపించే చెవి అందరి వైపు ఉండేలా కూర్చోండి.

ఈ రాత్రి పనయ్యాక ఇంట్లో ఎవరిచేతనైనా ఫోను చేయించుకుని, రెండు చెవులతోనూ విని చూడండి. అత్తగారికీ అలాగే చేసి చూడండి.