జట్టు మారినోడు ఓడిపోయినట్టేనా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న రాత్రి హాస్టల్లో భోజనాలయ్యాక ఫోన్‌లో ఒక పాత మ్యాచ్ చూశాం. 2010 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, జోహన్నెస్‌బర్గ్‌లో ఉరుగ్వే, ఘనా ఆడాయి. 1-1తో సమానమై పెనాల్టీల దాకా వెళ్లింది. ఉరుగ్వేకి ఐదో కిక్ మిగిలింది, అది పడితే సెమీఫైనల్. 13వ నంబర్ జర్సీతో పొడుగాటి మనిషి ఒకాయన వచ్చాడు. గట్టిగా తంతాడనుకున్నాం. ఆయన మాత్రం బంతిని మెల్లగా గోల్ మధ్యలోకి లేపాడు. కీపర్ అప్పటికే పక్కకి దూకేశాడు. ఉరుగ్వే 4-2తో గెలిచింది.

ఆయన పేరు సెబాస్టియన్ అబ్రెయు. అభిమానులు 'ఎల్ లోకో' అంటారు, అంటే పిచ్చోడు అని. అప్పటికి ఆయన వయసు 33. ఆ మ్యాచ్‌లో మొదటి నుంచి ఆడలేదు కూడా, మధ్యలో దిగాడు.

ఆయన గురించి చదివితే ఆశ్చర్యమేసింది. ఉరుగ్వేలో డిఫెన్సర్ స్పోర్టింగ్‌తో మొదలుపెట్టి 11 దేశాల్లో 30కి పైగా క్లబ్బులకు ఆడాడు. అర్జెంటీనా, స్పెయిన్, మెక్సికో, బ్రెజిల్, ఇజ్రాయెల్, గ్రీస్, చిలీ... ఇలా తిరుగుతూనే ఉన్నాడు. 2017లో చిలీలోని ఆడాక్స్ ఇటాలియానో ఆయనకి 26వ క్లబ్బు. అక్కడికి చేరగానే గిన్నిస్ రికార్డు వచ్చింది. 2021లో ఆట మానేసేటప్పటికి 44 ఏళ్లు.

మా రూమ్మేట్ వెంటనే అన్నాడు, "ఇన్ని మారాడంటే ఎక్కడా నిలవలేదన్నమాటే కదరా" అని. నిజమే, టోట్టి లాంటోడు ప్రొఫెషనల్ కెరీర్ మొత్తం రోమా ఒక్కదానికే ఆడాడు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అబ్రెయు ప్రతిసారీ తనకిష్టమై వెళ్లలేదు. స్పెయిన్‌లో డెపోర్టివో కొనుక్కుంది, సరిగా ఆడే చాన్స్ రాలేదు, వేరే క్లబ్బులకు లోన్ మీద పంపేసింది. పంపేది క్లబ్బు. వెళ్లినచోట ఆడాల్సింది ఆయనే. ఆడాడు కాబట్టే దేశం జట్టు ఆయన్ని మర్చిపోలేదు. ఉరుగ్వేకి 26 గోల్స్ కొట్టాడు. 2011లో కోపా అమెరికా గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. చిన్నప్పటి నుంచి అభిమానించిన నాసియోనల్ క్లబ్బుకి మధ్యమధ్యలో తిరిగొచ్చాడు కూడా.

అంటే ఆయన ఊర్లు మార్చాడు గానీ పని మార్చలేదు. ఎక్కడున్నా స్ట్రైకరే. నా దృష్టిలో నిలకడంటే అదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. ఆశ్రమ పాఠశాల, గురుకులం, ఇంటర్ హాస్టల్, ఇప్పుడు డిగ్రీ హాస్టల్. మా మామయ్య "వీడు ఒక్కచోట ఉండడు" అంటూనే ఉంటాడు. పై తరగతి ఊళ్లో లేకపోతే మారక ఏం చేస్తాం?

నాతో ఇంటర్ చదివినోడు ఒకడు డిగ్రీలో చేరి మూడు నెలలకే ఇంటికెళ్లిపోయాడు. ఆ కాలేజీలో వాడికి కుదర్లేదు. వేరే కాలేజీలో చేరరా అంటే, "మళ్లీ మారితే ఊళ్లో నవ్వుతారు" అంటున్నాడు. వాడిది తెలివితక్కువ కాదు, సిగ్గు. లెక్కల్లో నాకంటే వాడే మేలు.

అబ్రెయు వెనకాల ఏజెంట్లు, కాంట్రాక్టులు, డబ్బు ఉన్నాయి, మనకి అవి లేవు. బస్ చార్జీకి కూడా ఆలోచించాలి. టీసీ కోసం తిరిగే తిరుగుడు మనకే తెలుసు. అందుకే మారడం సులువని నేను అనను. కానీ ఒక కాలేజీ కుదరకపోతే చదువే మన వల్ల కాదనుకోవడం తప్పు.

మీ ఊళ్లో ఇలా మధ్యలో ఆపేసినోళ్లుంటే, అడ్మిషన్లు అయిపోకముందే ఒకసారి వెళ్లి మాట్లాడండి. "ఎందుకు మానేశావ్" అని మాత్రం మొదలుపెట్టొద్దు, "ఈసారి ఎక్కడ చేరదాం" అని అడగండి. నేను ఈ ఆదివారం మా వాడి దగ్గరికి వెళ్తున్నా. ఆ పెనాల్టీ వీడియో కూడా చూపిస్తా.